గుంటూరు–ప్రకాశం మైదానాల్లో ట్రాక్టరు సర్వీసు: డీలర్లు, తనిఖీలు, మెకానిక్‌ల శిక్షణ

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాల్లో పత్తి, మిరప సాగు నేడు ట్రాక్టరు మీద నడుస్తోంది. ఆ యంత్రాన్ని అమ్మే డీలర్ల సర్వీసు ఏర్పాట్లు, రైతు చేతికి ఇచ్చే ముందూ ఇచ్చిన తర్వాతా జరగవలసిన తనిఖీలు, మరమ్మతు చేసే మెకానిక్‌ల శిక్షణ ఈ వ్యాస విషయాలు. ట్రాక్టరుకు ఆయిలు మార్చవలసిన వేళను అవర్ మీటరు చెబుతుంది. రైతు పొలంలోకి దిగవలసిన వేళను కార్తె చెబుతుంది. గంటల లెక్కా కార్తెల లెక్కా ఒకచోట కుదరకపోవడమే ఇక్కడి సర్వీసు రంగంలో అన్ని చిక్కులకూ మూలం. ఆ రెంటినీ కుదర్చగలవాడు మెకానిక్ ఒక్కడే. అతని చదువు మీదా చేతి పని మీదా పెట్టే శ్రద్ధను బట్టే యంత్రం ఆయువూ, దాని మీద కూర్చునే మనిషి ఆయువూ ఉంటాయి.

నేల, పంటలు, యంత్రపు పని

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లాగా ఏర్పడింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడ్డాయి. వ్యవసాయం దృష్టితో చూస్తే సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, ప్రత్తిపాడు, పర్చూరు, మార్టూరు, అద్దంకి, దర్శి ప్రాంతాలన్నీ ఒకే అల్లికలో ఉన్నాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ ప్రాంతంలో చాలా భాగానికి నీరందిస్తుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. తడి మట్టి చక్రానికీ, రోటావేటరు బ్లేళ్ళకూ, ముందు ఇరుసుకూ బంకలా పట్టుకుంటుంది. ఎండిన గడ్డ గొర్రు కర్రులను వంచుతుంది. వేసవి దుక్కుల్లో లేచే సన్నటి దుమ్ము ఎయిర్ క్లీనరు మీదకు వస్తుంది. ఇదే ట్రాక్టరు ఇసుక నేలలో చేసే పనికీ ఇక్కడ చేసే పనికీ పోలిక లేదు. సర్వీసు పుస్తకంలో మామూలు పరిస్థితులకు వేసిన గంటల లెక్కను ఇక్కడ కుదించుకోవలసి రావడానికి కారణం ఇదే.

పనుల వరుస కూడా గట్టిదే. రోహిణి కార్తె నాటికి దుక్కులు పూర్తి కావాలి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వాన పడితే పత్తి గింజ పెట్టాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో అచ్చు తోలి మిరప నారు నాటాలి. ఆ తర్వాత సాళ్ళ మధ్య అంతరకృషి ఉంటుంది. పత్తి తీతలు ముగిశాక కట్టెను నలగ్గొట్టి నేలలో కలపాలి. గులాబీ రంగు పురుగు తరవాతి పంటకు పాకకుండా ఉండడానికి ఇది అవసరం. సంక్రాంతి దాటాక మిరప కోతలు జోరందుకుంటాయి. కల్లాల నుంచి కాయ టిక్కీలుగా కట్టి గుంటూరు మిర్చి యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో చేరాలి. అంటే ఏడాదిలో రెండు మూడు సార్లు, కొద్ది వారాల వ్యవధిలో, ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి.

అరక నుంచి ట్రాక్టరుకు

ట్రాక్టరు రాక ముందు ఈ మైదానాలను దున్నింది ఒంగోలు జాతి ఎద్దులు. బరువు లాగడంలో పేరుపొందిన ఆ జాతి బ్రెజిల్ దాకా వెళ్ళి అక్కడ నెల్లూరు పేరుతో పెద్ద పశుసంపదగా విస్తరించింది. ఎద్దుకు జబ్బు చేస్తే రైతు కళ్ళు చూసి చెప్పగలిగేవాడు. నాగలి విరిగితే ఊళ్ళో వడ్రంగి, కర్రు అరిగితే కమ్మరి కొలిమి ఉండేవి. పని ముట్టుకు సంబంధించిన విద్య అంతా ఊరి పొలిమేర లోపలే ఉండేది. ట్రాక్టరుతో వచ్చిన అసలు మార్పు ఇది: పని వేగం పెరిగింది, ఆ పనిముట్టు గురించిన జ్ఞానం మాత్రం పట్నానికీ, కంపెనీకీ తరలిపోయింది.

భారతదేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాద్‌లోని ఐషర్ కర్మాగారం నుంచి వచ్చింది. 1960లో చెన్నైలో టాఫె, 1963లో మహీంద్రా వారి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ, 1970లలో హెచ్‌ఎంటీ, స్వరాజ్ రంగంలోకి దిగాయి. రాష్ట్రంలో 1968లో ఏర్పడిన ఆగ్రో ఇండస్ట్రీస్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను రైతులు ఆగ్రోస్ అంటారు. యంత్రాలను రైతుకు చేర్చడం దాని పనుల్లో ఒకటి. 2013లో తెలంగాణలోని జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం మొదలైంది. నేడు సంఖ్యలో చూస్తే ప్రపంచంలో అత్యధికంగా ట్రాక్టర్లు తయారయ్యేది భారతదేశంలోనే. ఇటీవలి కొన్నేళ్ళలో దేశంలో ఏటా సుమారు తొమ్మిది లక్షల ట్రాక్టర్లు అమ్ముడుపోయాయి. ఒక ట్రాక్టరు అమ్మకం ఒక్కరోజు పని. దాని సేవ పది, పదిహేనేళ్ళ పని. అమ్మకానికి దొరికినంత శ్రద్ధ సేవకు దొరకలేదన్నది ఈ రంగాన్ని దగ్గరగా చూసినవారికి కనిపించే విషయం.

డీలర్‌షిప్పు ఎలా నడుస్తుంది

డీలరు దగ్గర మూడు విభాగాలుంటాయి: అమ్మకాలు, సర్వీసు, విడిభాగాలు. జిల్లా కేంద్రంలోనో, నరసరావుపేట వంటి పెద్ద పట్టణంలోనో షోరూము, దాని వెనక వర్క్‌షాపు ఉంటాయి. మండల కేంద్రాల్లో చిన్న శాఖలు లేదా మోటారు సైకిలు మీద తిరిగే మెకానిక్‌లు ఉంటారు. వర్క్‌షాపును నడిపే సర్వీసు మేనేజరు, పనిని రాసుకొని జాబ్ కార్డు తెరిచే సూపర్‌వైజరు, మెకానిక్‌లు, వారికి సాయంగా ఉండే కుర్రాళ్ళు, విడిభాగాల కౌంటరులో స్టోరు మనిషి - ఇదీ మామూలు కూర్పు.

వారంటీ కాలంలో చేసిన పనికి డీలరు కంపెనీకి క్లెయిము పంపాలి. చెడిపోయిన భాగాన్ని దాచి చూపాలి, అవర్ మీటరు అంకె, లోపం తీరు రాయాలి. రాత సరిగా లేకపోతే క్లెయిము తిరిగి వస్తుంది. అందుకే మంచి మెకానిక్‌కు పానా పట్టే చేయి ఎంత అవసరమో, జరిగింది జరిగినట్టు రాసే అలవాటూ అంతే అవసరం. ఈ రెండోది శిక్షణలో తరచుగా వదిలేసే పాఠం.

అప్పగించే ముందు తనిఖీ

కర్మాగారం నుంచి లారీ మీద వచ్చిన ట్రాక్టరును నేరుగా రైతుకు ఇవ్వకూడదు. అప్పగింతకు ముందు వర్క్‌షాపులో పూర్తి తనిఖీ జరగాలి. ఇంజను, గేరు బాక్సు, హైడ్రాలిక్, స్టీరింగ్ ఆయిళ్ళ మట్టాలు, కూలెంటు, బ్యాటరీ, లైట్లు, బ్రేకులు, క్లచ్ పెడలు ఆట చూడాలి. చక్రాల నట్లను నిర్ణీత బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. టైర్ల గాలిని పని ఒత్తిడికి సరిచేయాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాలతో సరిపోవాలి. లిఫ్టును బరువుతో ఎత్తి దించి చూడాలి.

ఆ తర్వాతిది ఇన్‌స్టలేషన్. మెకానిక్ రైతు పొలానికి వెళ్ళి, నడిపే మనిషికి యంత్రాన్ని పరిచయం చేసే ఘట్టమిది. డ్రాఫ్ట్ కంట్రోలు ఎప్పుడు, పొజిషన్ కంట్రోలు ఎప్పుడు వాడాలి, రోటావేటరు వంటి పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టును నిమిషానికి 540 చుట్ల దగ్గర నిలపాలంటే ఇంజను వేగం ఎంత ఉండాలి, ఎయిర్ క్లీనరు ఎన్ని గంటలకు విప్పి చూడాలి వంటివి ఇక్కడే చెప్పాలి. మరో సంగతి ప్రాణానికి సంబంధించింది. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్ళుంటాయి. పొలంలో మలుపు తిరగడానికి అవి విడిగా పనికొస్తాయి. రోడ్డు ఎక్కేముందు రెంటినీ కొక్కెంతో కలపాలి. కలపకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. కొనుగోలు దసరాకో ఉగాదికో ముహూర్తం చూసుకొని జరుగుతుంది. అలాంటి రోజున ఒకేసారి అనేక బండ్లు బయటికి వెళ్తాయి. పూజ, కొబ్బరికాయ, ఫోటోల మధ్య ఈ పాఠానికి సమయం చిక్కదు. తనిఖీ పత్రం మీద సంతకం పడుతుంది, తనిఖీ మాత్రం సగంలో ఆగుతుంది. ముహూర్తానికి ముందురోజే తనిఖీ ముగించి, మరుసటి రోజున పొలంలో పాఠం చెప్పే పద్ధతి పాటిస్తే ఆచారానికీ భద్రతకూ రెంటికీ న్యాయం జరుగుతుంది.

సర్వీసు: గంటలూ కార్తెలూ

మామూలుగా మొదటి సర్వీసు 50 గంటల దగ్గర వస్తుంది. కొత్త గేర్లు, బేరింగులు ఒరుసుకొని రాల్చిన లోహపు పొడి ఆయిల్లో కలిసి ఉంటుంది కనుక దీన్ని దాటవేయకూడదు. ఆ తర్వాత పాత తరహా ఇంజన్లకు సుమారు 250 గంటలకొకసారి ఆయిలు, ఫిల్టర్ల మార్పిడి ఉంటుంది. కొత్త మోడళ్ళలో ఈ గడువు ఇంకా ఎక్కువ. కొన్ని కంపెనీలు ఐదారేళ్ళ వారంటీ ఇస్తున్నాయి. సర్వీసులు వేళకు చేయించి, పుస్తకంలో నమోదు చేయించుకున్నవారికే ఆ వారంటీ నిలుస్తుంది.

ఇక్కడే కార్తె అడ్డొస్తుంది. జూన్‌లో వాన పడ్డ మూడో రోజున 250 గంటలు నిండితే ఏ రైతూ బండిని షెడ్డుకు తోలడు. నేల పదును పోయేది రెండు మూడు రోజుల్లోనే. అదే వారంలో పగిలిన హైడ్రాలిక్ పైపులు, జారుతున్న క్లచ్‌లు, విరిగిన రోటావేటరు షాఫ్టులు అన్ని ఊళ్ళ నుంచీ వర్క్‌షాపుకు చేరతాయి. డీలరు దగ్గర ఉన్న కొద్దిమంది మెకానిక్‌లు అత్యవసర పనులకే చాలరు. నిర్ణీత సర్వీసులు వెనకబడతాయి, వెనకబడిన సర్వీసులే వచ్చే సీజనులో అత్యవసర పనులవుతాయి. ఈ చక్రం తెగాలంటే ఖాళీ నెలల్లో పని జరగాలి. మిరప అమ్ముడయ్యాక, రోహిణి రాకముందు దొరికే వైశాఖ మాసపు వారాలు ఇందుకు అనువైనవి. ఆ వేళకు రైతు చేతిలో డబ్బూ ఉంటుంది, బండి కొట్టంలో ఖాళీగానూ ఉంటుంది. ఊళ్ళోనే సర్వీసు శిబిరం పెట్టి గంటలు నిండకపోయినా ఆయిలు, ఫిల్టర్లు మార్చడం, క్లచ్ సరిచేయడం, రేడియేటరు కడగడం చేస్తే ఖరీఫ్‌లో ఆగిపోయే బండ్లు తగ్గుతాయి.

ఈ ప్రాంతంలో మెకానిక్‌లు ఎక్కువగా చూసే లోపాలకు నేలా పంటా కారణాలవుతాయి. దుమ్ము లోపలికి పోతే లైనర్లు, పిస్టన్ రింగులు అరిగి ఇంజను ఆయిలు తాగడం మొదలుపెడుతుంది. తడి రేగడిలో రోటావేటరు వేస్తే బ్లేళ్ళకు మట్టి చుట్టుకొని బరువంతా పీటీవో మీదుగా క్లచ్ మీద పడుతుంది. ముందు చక్రాల హబ్బుల్లో సీళ్ళు తెగి బురద చేరితే బేరింగులు పోతాయి. పత్తి కట్టెను నలగ్గొట్టే యంత్రంలో నార షాఫ్టుల చుట్టూ బిగుసుకొని సీళ్ళను కోసేస్తుంది. ఎండు ఆకు, పొట్టు రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కొని ఇంజను వేడెక్కుతుంది. వీటిలో చాలావరకు రోజూ పొద్దున పది నిమిషాలు చూసుకుంటే రానివి. అందుచేత సర్వీసు విద్యలో మొదటి విద్యార్థి డ్రైవరే.

ఊరి షెడ్డు

కంపెనీ వర్క్‌షాపు ఎంత ఉన్నా ఎక్కువ ట్రాక్టర్ల భారం మోసేది ఊరి మెకానిక్ షెడ్డే. వారంటీ తీరిన బండ్లు దాదాపు అన్నీ అక్కడికే చేరతాయి. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పగల మేస్త్రీలు ఈ మైదానాల్లో ఎందరో ఉన్నారు. రాత్రి పదింటికి పొలం గట్టున ఆగిన బండి దగ్గరకు బ్యాటరీ లైటు పట్టుకొని వచ్చేదీ, కూలి డబ్బు పత్తి అమ్మాక ఇస్తానంటే సరేననేదీ వాళ్ళే. ఫ్యూయల్ పంపు, నాజిళ్ళ పని పట్టణంలోని పంపు షాపుకు వెళ్తుంది. క్రాంకు షాఫ్టు గ్రైండింగు, బోరింగు వంటి పెద్ద పనులకు గుంటూరు ఆటోనగర్, విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉన్నాయి. కమ్మరి కొలిమి స్థానంలో వెల్డింగు షాపు వచ్చి, విరిగిన గొర్రు చట్రాలనూ, ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కుల డోర్లనూ అతుకుతోంది.

షెడ్డుకున్న లోటు నైపుణ్యం కాదు, కొలత. టార్క్ రెంచి, కంప్రెషన్ గేజి, మైక్రోమీటరు, శుభ్రమైన బల్ల, మోడలు వారీ మాన్యువలు లేకుండా చేయి అంచనాతో బిగించిన సిలిండరు హెడ్డు మళ్ళీ లీకవుతుంది. విడిభాగాల సమస్య దీనికి తోడు. కంపెనీ పేరుతోనే వచ్చే నకిలీ ఫిల్టరు, నకిలీ బేరింగు చూపుకు తేడా తెలియనీయవు. ధర తేడా ఆకర్షిస్తుంది. వంద రూపాయల ఫిల్టరు దగ్గర చేసిన పొదుపు ఇంజను ఓవర్‌హాలింగు దగ్గర వేలల్లో తేలుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, పలు విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. అసలు భాగాన్నే కొనడానికి రైతుకు ఇది కొంత ఊరట.

ప్రభుత్వ పరీక్షలు, రోడ్డు భద్రత

కొత్త మోడలు ట్రాక్టరు మార్కెట్లోకి రావాలంటే ప్రభుత్వ పరీక్ష దాటాలి. మధ్యప్రదేశ్‌లోని బుద్ని వద్ద 1955లో మొదలైన కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఇందులో పెద్దది. భారతీయ ప్రమాణం ఐఎస్ 5994 ప్రకారం పీటీవో శక్తి, లాగే బలం, లిఫ్టు సామర్థ్యం, బ్రేకులు వంటివి కొలుస్తారు. పరీక్ష నివేదిక రైతుకూ ఉపయోగపడేదే. రెండు మోడళ్ళలో ఏది తక్కువ డీజిలుతో ఎక్కువ లాగుతుందో అందులో అంకెలతో ఉంటుంది. కానీ ప్రకటనలు చూసి కొనేవారితో పోలిస్తే నివేదిక చదివి కొనేవారు బహు తక్కువ.

మోటారు వాహన నియమాల్లో వ్యవసాయ ట్రాక్టరును నాన్ ట్రాన్స్‌పోర్టు వాహనంగా లెక్కిస్తారు. రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. లారీలకు, కిరాయి వాహనాలకు ఉన్నట్టు మధ్యలో ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. అంటే కొన్న రోజు తర్వాత పదిహేనేళ్ళ దాకా ఆ బండి బ్రేకులను ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరు. చూసే కన్ను ఏదైనా ఉందంటే అది సర్వీసు మెకానిక్‌దే. ట్రక్కు సంగతి మరీ కష్టం. రెండు టన్నుల ట్రాక్టరు వెనక అంతకు రెట్టింపు బరువుతో టిక్కీల ట్రక్కు వెళ్తుంది. పల్లెల్లో తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులు, వెనక లైట్లు, మెరిసే పట్టీలు ఉండవు. డీలరు వర్క్‌షాపు ట్రాక్టరు వరకే చూస్తుంది, ట్రక్కు ఏ తనిఖీలోకీ రాదు.

ట్రక్కులో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. అయినా మిరప కోతల రోజుల్లో కూలీలు పొలానికి చేరేది దానిలోనే. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల వద్ద, మిరప పొలం నుంచి కూలీలను తెస్తున్న ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొని, తీగలు తగిలి కనీసం తొమ్మిది మంది చనిపోయారు. యంత్రపు తనిఖీ ఒక్కటే అలాంటి దుర్ఘటనలను ఆపదు. కూలీల రవాణాకు సరైన వాహనం, డ్రైవరుకు శిక్షణ, లైట్లూ బ్రేకులూ పనిచేసే బండి - మూడూ కలవాలి. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు, బోల్తాపడినా డ్రైవరు నలగకుండా కాచే ఉక్కు చట్రాన్ని తప్పనిసరి చేసింది. దాంతో బోల్తా మరణాలు బాగా తగ్గాయి. మన కాలువ గట్ల మీద తిరిగే ట్రాక్టర్లకు ఆ చట్రం అవసరం తక్కువేమీ కాదు.

మారుతున్న యంత్రం

2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగో దశ ఉద్గార ప్రమాణాలు అమలయ్యాయి. పాత ఇంజన్లో పంపు, నాజిలు చేత్తో సరిచేసేవి. కొత్త ఇంజన్లలో కామన్ రైలు, సెన్సార్లు, కంప్యూటరు యూనిట్, పొగను శుద్ధి చేసే పరికరాలు వచ్చాయి. రైలులో డీజిలు వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఉంటుంది. పాత అలవాటు కొద్దీ పైపు వదులు చేస్తే ప్రమాదం. లోపం ఎక్కడుందో కోడ్ రూపంలో తెరమీద కనిపిస్తుంది, దాన్ని చదివే పరికరం డీలరు దగ్గరే ఉంటుంది. డ్రమ్ములో నిలవ పెట్టిన డీజిలులో నీళ్ళు చేరితే పాత పంపు ఓర్చుకునేది, కొత్త ఇంజెక్టరు ఓర్చుకోదు. ఇక్కడ ఎక్కువగా తిరిగేవి 50 హార్స్‌పవర్ లోపు బండ్లే కనుక ఊరి మెకానిక్‌కు కొత్త ఇంజను చేతికి చిక్కడం అరుదు. చేతికి చిక్కనిది నేర్చుకోవడం కుదరదు.

అందుకే మరమ్మతు హక్కు అన్న మాట వ్యవసాయంలోకి వచ్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకు ఈ హక్కునిచ్చే చట్టం చేసింది. మన దేశంలో 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇందుకు కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. మాన్యువళ్ళు, విడిభాగాల వివరాలు అందరికీ దొరకాలన్నది దాని సారం. ఆ మాన్యువళ్ళు తెలుగులో దొరికినప్పుడే అది మన షెడ్డు దాకా చేరుతుంది.

స్ప్రేయర్ల కథ కూడా ఇలాంటిదే. మిరపకు మందు కొట్టడం ఎక్కువ సార్లు జరిగే పని. చేతి పంపులు, బ్యాటరీ స్ప్రేయర్లు, పెట్రోలు ఇంజను స్ప్రేయర్లు ప్రతి ఇంటా ఉన్నాయి. నాజిలు అరిగితే మందు ఎక్కువ పడుతుంది, ఖర్చూ విషమూ పెరుగుతాయి. అయినా స్ప్రేయరును తనిఖీ చేయించే అలవాటు లేదు. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. 2023లో ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లివ్వాలని తలపెట్టింది. నడపడం నేర్పినంత శ్రద్ధగా మోటార్లు, బ్యాటరీలు బాగుచేయడమూ నేర్పాలి. లేకపోతే మొదటి మరమ్మతు దగ్గరే డ్రోను అటకెక్కుతుంది.

శిక్షణ ఎక్కడ దొరుకుతుంది

ఐటిఐల్లో ఈ రంగానికి దగ్గరి కోర్సులు మూడు: ఏడాది పాటు సాగే ట్రాక్టరు మెకానిక్, డీజిల్ మెకానిక్, రెండేళ్ళ వ్యవసాయ యంత్రాల మెకానిక్. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, ఒంగోలు వంటి పట్టణాల్లో ఐటిఐలున్నాయి. 1961 అప్రెంటిస్ చట్టం కింద డీలరు వర్క్‌షాపులోనే స్టయిపెండు మీద నేర్చుకునే వీలుంది. కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ 1983 నుంచి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. నడిపేవారి నుంచి సాంకేతిక నిపుణుల దాకా పలు స్థాయుల్లో నేర్పుతుంది. గుంటూరు నుంచి అది సుమారు 400 కిలోమీటర్ల దూరం. బాపట్లలో డాక్టర్ ఎన్టీఆర్ వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల, లాంలో ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, లాం, దర్శిల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ మైదానాల నడుమే ఉన్నాయి. ఇంజనీర్లను తయారుచేసే చదువు ఇంత దగ్గర ఉండి, మెకానిక్‌ను తీర్చిదిద్దే చదువు అంత దూరంలో ఉండడం ఈ ప్రాంతపు వింత లోటు.

ఐటిఐ నుంచి వచ్చిన కుర్రాడికి పాఠం తెలుసు, బురదలో కూరుకున్న బండి తెలియదు. షెడ్డులో పెరిగిన కుర్రాడికి బండి తెలుసు, సర్క్యూట్ బొమ్మ చదవడం తెలియదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే శిక్షణ కావాలి. అనుభవం ఉన్నవారిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకాల్లో ఉంది. షెడ్డు మేస్త్రీలకు అది సరిగ్గా సరిపోతుంది. కానీ పత్రంతో పాటు రెండు వారాల ఎలక్ట్రికల్, హైడ్రాలిక్ పాఠం కూడా ఇస్తేనే దానికి విలువ. డీలర్లకున్న మరో బాధ, చేయి తిరిగిన మెకానిక్ నిలవకపోవడం. నాలుగేళ్ళు నేర్చుకొని సొంత షెడ్డు పెట్టుకుంటాడు, లేదా నగరంలో కార్ల వర్క్‌షాపుకు వెళ్తాడు. దుమ్ములో, ఎండలో చేసే పనికి ఏసీ షెడ్డులోని పనికన్నా తక్కువ జీతం, తక్కువ గౌరవం ఉన్నంతకాలం ఈ వలస ఆగదు.

ఇతర దేశాల అనుభవం

సీజనులో రద్దీ, మెకానిక్‌ల కొరత మన ఒక్కరి కష్టం కాదు. అమెరికా, కెనడాల్లో ఇల్లులా అమర్చిన బండ్లను ఆర్‌వీలంటారు. వాటి డీలర్లదీ ఇదే కథ. వేసవి విహారాలకు ముందు అందరూ ఒక్కసారే సర్వీసుకు వస్తారు. వారంటీ పనికి వారాల తరబడి వేచి ఉండాలి. ఆ బండిలో ఇరుసులు, బ్రేకులతో పాటు గ్యాసు పొయ్యి, నీటి గొట్టాలు, కరెంటు వైర్లు అన్నీ ఉంటాయి కనుక అన్నీ తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం. ఆ పరిశ్రమ సంఘం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్‌లో ప్రత్యేక సాంకేతిక శిక్షణ సంస్థను నెలకొల్పి, స్థాయుల వారీగా ధ్రువపత్రాలిస్తోంది. కొనేవారి తరఫున బండిని చూసి నివేదిక ఇచ్చే స్వతంత్ర తనిఖీదారుల వృత్తి కూడా అక్కడ పెరిగింది. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ల కొనుగోళ్ళు జోరుగా సాగే మన పట్టణాల్లో అలాంటి తనిఖీదారు ఒకడుంటే రైతు రంగు చూసి మోసపోడు. కంప్రెషన్, ఆయిలు ఒత్తిడి, క్లచ్, లిఫ్టు, ఛాసిస్ నంబరు చూసి రెండు పేజీల నివేదిక ఇవ్వడం శిక్షణ పొందిన మెకానిక్‌కు కొత్త ఉపాధి కాగలదు.

రైతు హక్కులు, రైతు రికార్డు

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. సొంత సాగుకు, స్వయం ఉపాధికి ట్రాక్టరు కొన్న రైతు వినియోగదారుడే. లోపమున్న యంత్రం, సరిగా చేయని సర్వీసుల మీద రెండేళ్ళ లోపు జిల్లా కమిషనుకు వెళ్ళవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న కేసులు అక్కడే వింటారు. ముందుగా 1915 హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు. అయితే కమిషను ముందు మాట్లాడేది కాగితం. జాబ్ కార్డు నకలు, బిల్లు, అవర్ మీటరు అంకె, విప్పిన పాత భాగం లేకపోతే నిజం కూడా నిలవదు. అదే కాగితం మెకానిక్‌నూ కాపాడుతుంది, తాను చేసిన పనికీ తర్వాత ఎవరో చేసిన పనికీ మధ్య గీత గీస్తుంది.

ప్రభుత్వ యంత్రాల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2014–15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషను కింద అద్దె యంత్ర కేంద్రాలు ఏర్పడ్డాయి. 2022 జూన్‌లో గుంటూరులో వైఎస్సార్ యంత్ర సేవా పథకాన్ని ప్రారంభించి రైతు బృందాలకు ట్రాక్టర్లు ఇచ్చారు. అందరిదైన యంత్రానికి ఆయిలు మార్చే బాధ్యత ఎవరిదో తేల్చకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది. ప్రతి గంట అద్దెలో కొంత సర్వీసు నిధిగా పక్కన పెట్టడం, బండి రికార్డును ఒకే మనిషికి అప్పగించడం సులువైన నివారణలు.

ఈ మైదానాలకు కావలసినవి పెద్ద పేర్ల పథకాలు కావు. రోహిణికి ముందు ఊరూరా సర్వీసు శిబిరం, ట్రాక్టరుతో పాటు ట్రక్కునూ చూసే తనిఖీ పట్టిక, తెలుగు మాన్యువలు, బాపట్ల కళాశాల వర్క్‌షాపు తలుపులు షెడ్డు మేస్త్రీలకు తెరుచుకోవడం, నైపుణ్యానికి తగిన జీతం చాలు. ఎద్దు కళ్ళు చూసి జబ్బు చెప్పిన రైతు మనవడే నేడు స్టీరింగు పట్టాడు. కమ్మరి మనవడే వెల్డింగు షాపు నడుపుతున్నాడు. పనిముట్టు విద్య ఊళ్ళోకి తిరిగి వస్తే, మృగశిర వాన పడ్డ పొద్దున బండి మొదటి తాళానికే పలుకుతుంది.